హైస్కూల్లో ఆటిజం పిల్లలకు ప్రత్యేక సహాయం: బడి చూడటానికి వెళ్లినప్పుడు ఏమి అడగాలి?

ఆకుపచ్చపెన్సిల్ (1)

నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఆటిజం ఉంది. మాటలు బాగానే వచ్చు, లెక్కలంటే ప్రాణం, చప్పుళ్లంటే హడలు. ఇంతవరకు చదివింది చిన్న బడి. ఒకటే గది, ఒకరే టీచరమ్మ. వాడి ముఖం చూస్తే చాలు, ఇంకో పది నిమిషాల్లో ఏమి జరగబోతోందో ఆవిడకు తెలిసిపోయేది. ఇప్పుడు హైస్కూలు. ఎనిమిది మంది టీచర్లు, గంట కొట్టినప్పుడల్లా మనిషి మారడం, కొన్నిసార్లు గది కూడా మారడం.

రెండు బడులు అనుకుంటున్నాం. రెండూ మామూలు బడులే. రెండింటిలోనూ ఆటిజం పిల్లల కోసం ప్రత్యేక సహాయం ఉందంటున్నారు. మొదటి బడివారు పెద్ద సెన్సరీ గది ఫొటోలు పంపారు. రంగు దీపాలు, నీటిబుడగలు తేలే గాజు గొట్టం, మెత్తటి పరుపులు. రెండోదానిలో ఒక గది, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లల కోసం శిక్షణ పొందిన టీచరు), అంతే. మావారు మొదటిదానివైపు మొగ్గుతున్నారు. నాకు ఏదీ తేలడం లేదు. వెళ్లి చూసేటప్పుడు ఏమి అడగాలి, ఏమి గమనించాలి? "మేము చాలా శ్రద్ధ తీసుకుంటాం" అని రెండు చోట్లా అన్నారు. ఆ మాటను ఏ తూకంలో వేయాలి?

వేరుగది (2)

పదకొండేళ్లుగా ఒక మామూలు హైస్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని చేస్తున్నాను. అమ్మా, మీరు వెళ్లేది భోజన విరామంలో వెళ్లండి. పాఠం జరిగేటప్పుడు ఏ బడైనా బాగానే కనిపిస్తుంది. పిల్లలందరూ ఒక్కసారిగా బయటికి వచ్చే ఆ అరగంటలో ఆ ప్రత్యేక గది తెరిచి ఉందా, అందులో ఎవరున్నారు, ఎలా వచ్చారు, పిల్లలు తమంతట తాము వచ్చారా లేక ఎవరైనా చెయ్యి పట్టుకుని తెచ్చారా, ఇవి చూడండి.

తర్వాత స్పెషల్ ఎడ్యుకేటర్‌ను ఒకటే అడగండి: వారంలో ఎన్ని పీరియడ్లు మీ గదిలో ఉంటారు, ఎన్ని మామూలు తరగతుల్లో ఉంటారు? జవాబు "అన్నీ ఇక్కడే" అయితే కాస్త ఆలోచించండి. నా ఉద్యోగంలో సగం పని పిల్లలతో, సగం పని పెద్దవాళ్లతో. ఫలానా టీచరు బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరగకుండా మాట్లాడతారు, ఫలానా గదిలో ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంటే పాఠం చెవికెక్కదు, ఇలాంటివి తరగతిలో కూర్చుంటేనే తెలుస్తాయి.

ఇంకొకటి. హెడ్‌మాస్టరును కాదు, నడవాలో ఎదురైన ఏదో ఒక సబ్జెక్టు టీచరును పలకరించి, ఆటిజం ఉన్న పిల్లల గురించి మీకు ముందుగా ఏమైనా కాగితం ఇస్తారా అని అడగండి. మా బడిలో ఒక్కో పిల్లవాడికి ఒక్క పేజీ ఉంటుంది. అందులో రోగనిర్ధారణ చరిత్ర ఉండదు. ఏది ఇష్టం, ఏది భరించలేరు, ఇబ్బంది మొదలయ్యే ముందు ఏమి కనిపిస్తుంది, అప్పుడు మనం ఏమి చేయాలి, ముఖ్యంగా ఏమి చేయకూడదు. పిల్లవాడితో కూర్చుని రాస్తాం. నలభై పేజీల ఫైలు ఎవరూ చదవరు, నేను కూడా చదవను.

సుద్దముక్క (3)

ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఎవరూ నొచ్చుకోరంటే ఒక మాట. తరగతిలో నలభై ఐదు మంది. పీరియడు నలభై నిమిషాలు. మనిషికి నిమిషం కూడా రాదు. అందులో ఒక్క పిల్లవాడికి వేరే ప్రశ్నపత్రం, వేరే కుర్చీ, వేరే నియమం అంటే మిగతా నలభై నాలుగు మంది తల్లిదండ్రులు వచ్చి పడేది నా మీదే. నాకు ఇచ్చిన శిక్షణ అంటారా, ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటల ప్రసంగం. అందులో గంటసేపు ప్రొజెక్టరు పని చేయలేదు. మా కాలంలో ఇలాంటి పిల్లలూ లేరు, ఈ గదులూ లేవు. శిక్షణ ఉన్నవారి దగ్గరే వేరుగా చదువుకోవడం ఆ పిల్లవాడికీ మేలేమో, ఆ తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి.

రెండోబెంచి (4)

మేష్టారూ, మీ కాలంలోనూ ఉన్నాం. మీ రెండో బెంచీలోనే ఉన్నాం. నాకు ఆటిజం అని తెలిసింది ముప్పై ఒకటో ఏట. గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు 1926లో ఆరుగురు అబ్బాయిల గురించి రాశారు. వాళ్లను చదువుతుంటే నా బాల్యం చదువుతున్నట్టే ఉంటుంది. లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఇలాంటి పదకొండు మంది పిల్లల గురించి రాసింది 1943లో. పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. మొండిఘటం, పొగరుబోతు, పరధ్యానం అనే పేర్లతో ఉన్నారు. నన్ను పరధ్యానం అనేవారు.

ఒకసారి తెలుగు మేష్టారు "అందరూ నోరు మూసుకుని రాయండి" అన్నారు. నేను ఎడమ చేత్తో నోరు మూసుకుని కుడి చేత్తో రాశాను. వెక్కిరిస్తున్నానని బయట నిలబెట్టారు. బయట హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. మర్నాడు కూడా అలాగే రాశాను.

నన్ను నిజంగా దెబ్బతీసింది మాత్రం గంట. చరిత్ర పాఠంలో మునిగి ఉన్నవాణ్ణి గంట కొట్టి లాగితే ఒళ్లు సైన్సు గదికి వెళ్లేది, బుర్ర పావుగంట తర్వాత చేరేది. ఆ పావుగంటలో చెప్పింది నాకు ఏనాడూ రాలేదు. డైనా మరే, ఆమె సహరచయితలు 2005లో ఒక వ్యాసంలో దీన్నే మోనోట్రోపిజం అన్నారు. అందరి ధ్యాసా గదంతా పరుచుకునే దీపం వెలుగులా ఉంటే, మాది టార్చిలైటులా ఒకే చోట పడుతుంది. పడిన చోట చీమ కాలు కూడా కనిపిస్తుంది. తిప్పడానికే టైము పడుతుంది. గంటకు మూడు నిమిషాల ముందు "ఇంకో మూడు నిమిషాలు" అని ఒక్కరు చెప్పి ఉంటే నా మార్కుల జాబితా వేరుగా ఉండేది. దానికి ఏ గదీ అక్కర్లేదు, ఏ శిక్షణా అక్కర్లేదు.

వేరుగది (5)

సుద్దముక్క గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. ప్రొజెక్టరు కథ మా బడిలోనూ జరిగింది. నలభై ఐదు మందిలో మీరు చేయలేనివి చాలా ఉన్నాయి. వాటిని మీ నెత్తిన పెట్టేవాళ్లది తప్పు. అలాంటి పని నాలాంటివాళ్లు చేయాలి.

కానీ నేను లెక్కల టీచర్లను సాధారణంగా అడిగేవి ఇవి. మొదటిది, చేయాల్సిన పని నోటితో చెప్పి ఊరుకోకుండా బోర్డు మూలన రాయడం: పేజీ ఎంత, లెక్కలు ఏవి, అయ్యాక ఏమి చేయాలి. "అయ్యాక ఏమి చేయాలి" అనేది చాలామంది వదిలేస్తారు. అక్కడే మా పిల్లలు చిక్కుకుపోతారు. నార్త్ కరోలైనాలో ఎరిక్ షాప్లర్ 1972లో ఆటిజం ఉన్నవారి కోసం రాష్ట్రమంతటా మొదలుపెట్టిన టీచ్ కార్యక్రమం పట్టుబట్టి చెప్పింది ఇదే. ఎంత పని, ఎప్పుడు అయిపోయినట్టు, తర్వాత ఏమిటి అనేది కళ్లకు కనిపించాలి.

రెండోది, ప్రశ్న అడిగాక ఆగడం. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో లెక్క తేల్చారు. మూడు సెకన్లు ఆగితే మామూలు పిల్లల జవాబులే నిడివిలోనూ నాణ్యతలోనూ మారాయి. మా పిల్లలకు ఇంకా ఎక్కువ కావాలి. అందులోనూ ఆగేటప్పుడు ప్రశ్నను మాటలు మార్చి మళ్లీ అడగకూడదు. అలా అడిగితే వాళ్లకు అది రెండో ప్రశ్న.

మూడోది ప్రశ్నపత్రం. ఒకసారి మా పత్రంలో "దీనికి కారణం చెప్పగలవా?" అని ఉంది. మా అబ్బాయి ఒకడు ఎదురుగా "చెప్పగలను" అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. మార్కు పోయింది. నన్నడిగితే ఆ మార్కు పోవాల్సింది ప్రశ్న రాసినవారికి.

ఇవన్నీ మిగతా నలభై నాలుగు మందికీ పనికొచ్చేవే. ఆ తల్లిదండ్రులెవరూ మీ మీదికి రారు, నా పూచీ.

నిద్రపట్టని నాన్న (6)

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మేము ఎక్కువ సాయం అంటే ఎక్కువ మేలు అనుకుని, బడి చెప్పినట్టే ఒక షాడో టీచరును పెట్టుకున్నాం. చాలా మంచి మనిషి. పొద్దున గేటు దగ్గర నుంచి సాయంత్రం గేటు దాకా అమ్మాయి పక్కనే కూర్చునేది. పెన్సిలు పడితే తీసి ఇచ్చేది. టీచరు ప్రశ్న అడిగితే చెవిలో మళ్లీ చెప్పేది. రెండేళ్లు గడిచాయి. నోటు పుస్తకాలన్నీ నిండుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేవి. తర్వాత తెలిసింది, అందులో సగం అక్షరాలు మా అమ్మాయివి కావు.

ఒకరోజు ఆవిడకు జ్వరం వచ్చి రాలేదు. మేము భయపడుతూనే పంపాం. సాయంత్రం అమ్మాయి ఇంటికి వచ్చి బ్యాగులోంచి సగం అరిగిన గులాబీ రంగు రబ్బరు తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కడిదమ్మా అంటే, పక్క సీటు అమ్మాయి ఇచ్చిందట. రెండేళ్లలో మొదటిసారి తోటి పిల్లలెవరో దానితో మాట్లాడారు. అంతకుముందు ఆ సీటుకూ ఈ సీటుకూ మధ్య ఎప్పుడూ ఒక పెద్దమనిషి కుర్చీ ఉండేది మరి.

టీచర్లు కూడా ఏ విషయమైనా ఆవిడకే చెప్పేవారు. "మీ అమ్మాయికి చెప్పండి" అని. మా అమ్మాయి అక్కడే ఉండగా.

వేరుగది (7)

మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. 1997లో మైకేల్ జియాంగ్రెకో బృందం అమెరికా బడుల్లో సరిగ్గా ఈ అంటిపెట్టుకుని ఉండటాన్నే పరిశీలించి రాసింది: తోటి పిల్లలు దూరమవడం, టీచరు తన బాధ్యతను పక్కకు నెట్టేయడం, పిల్లలు పెద్దవాళ్లు చెబితే తప్ప కదలకపోవడం. ఇంగ్లండు, వేల్స్ బడుల్లో పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం 2003 నుంచి చేసిన పెద్ద అధ్యయనంలో అయితే, సహాయకుల తోడు ఎక్కువగా ఉన్న పిల్లలు అలాంటి స్థాయిలోనే ఉండి తక్కువ తోడు ఉన్నవారికంటే చదువులో తక్కువ ముందుకు వెళ్లారని తేలింది. తప్పు సహాయకులది కాదని కూడా వాళ్లే చెప్పారు. కష్టమైన పిల్లలను తక్కువ శిక్షణ ఉన్న మనిషికి అప్పగించి, శిక్షణ ఉన్న టీచరు తప్పుకునే ఏర్పాటుదే తప్పు.

తోడు అవసరమైన పిల్లలు ఉన్నారు, కాదనను. నడవడం, తినడం, భద్రత, ఇలాంటి వాటికి మనిషి కావాల్సిందే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నదే అసలు నైపుణ్యం. నేను మా సహాయకులకు చెప్పే నియమం ఒకటే: పిల్లవాడి పక్కన ఖాళీ కుర్చీ ఉంటే అందులో మీరు కూర్చోవద్దు. అది ఇంకో పిల్లవాడిది.

చేతిపని (8)

ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనుల్లో ఇబ్బంది పడే పిల్లలకు సాయం చేస్తాను. ఆకుపచ్చపెన్సిల్ గారికి చప్పుళ్ల గురించి రెండు మాటలు. వెలుగు, చప్పుడు, వాసన, స్పర్శ వీటికి అతిగా లేదా అతి తక్కువగా స్పందించడం 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5తో (అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి నిర్ధారణ పుస్తకం) ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లోనే చేరింది. కనుక ఎవరైనా "అలవాటైపోతుందిలెండి" అంటే నమ్మకండి.

బడి చూసేటప్పుడు తరగతి గదిలో ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడండి. ఫ్యాను కిరకిర, కుర్చీ కాళ్లు గచ్చు మీద రాసుకునే చప్పుడు, పైన ట్యూబులైటు జుమ్మనే మోత. పాత పద్ధతి చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది. మన కంటికి ఆనదు, కొందరు పిల్లల తల మాత్రం సాయంత్రానికి పగిలిపోతుంది. కుర్చీ కాళ్లకు పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగితే ఆ చప్పుడు మాయం. ఖరీదైన సామాను కన్నా ఇవి ముందు.

గంట ఎక్కడ కొడతారో కూడా చూడండి. మీ వాడి తరగతి దాని కిందే పడితే మిగతావన్నీ వృథా.

వేదిక నిర్వాహకులు (9)

ఒక సందేశంలో బడి పేరు, ఒక పిల్లవాడి పేరు తీసేశాం. అనుభవాలు రాయండి, పేర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

ఆకుపచ్చపెన్సిల్ (10)

ఈ రోజు మొదటి బడికి వెళ్లివచ్చాం. వేరుగది గారు చెప్పినట్టే భోజన విరామంలో. సెన్సరీ గది ఫొటోల్లో ఉన్నంత అందంగానూ ఉంది. కానీ తాళం వేసి ఉంది. తాళంచెవి ఆఫీసులో ఉంది. ఆఫీసులో మనిషి భోజనానికి వెళ్లారు. ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మావాడు ఆ ఇరవై నిమిషాలూ రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తాళం తీశాక లోపలికి వెళ్లి ఆ బుడగల గొట్టం ముందు కూర్చుంటే ఇక లేవనంటాడు. చూపించినావిడ మురిసిపోయి "చూశారా, ఎంత నచ్చిందో" అన్నారు.

ఈ గదిని పిల్లలు ఎప్పుడు వాడతారని అడిగాను. వారానికి రెండు పీరియడ్లు, బుధవారం, శుక్రవారం. మధ్యలో అవసరమైతే? "మెల్ట్‌డౌన్ అయితే తీసుకొస్తాం" అన్నారు. అంటే ఇక భరించలేక ఏడ్చి, అరిచి అదుపు తప్పాక.

రెండోబెంచి (11)

అంటే ఆ గదిలోకి వెళ్లడానికి టిక్కెట్టు కూలిపోవడమే. పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటారు ఇలాంటివి. ఇంకోరకం పిల్లలు ఉంటారు, వాళ్లు అసలు కూలిపోరు. నేను ఆ రకం. కదలకుండా, మాట్లాడకుండా, బొమ్మలా అయిపోతాను. దాన్ని షట్‌డౌన్ అంటారు. టీచర్లకు అది మంచి ప్రవర్తనలా కనిపిస్తుంది. రోజంతా బిగించి పట్టుకున్న పిడికిలి ఇంటి గుమ్మంలో తెరుచుకుంటుంది. ఇంట్లో వస్తువులు విరుగుతాయి. అప్పుడు బడివాళ్లు, మా దగ్గర బాగానే ఉంటాడు, మీ పెంపకంలోనే ఏదో ఉందంటారు. మా అమ్మ ఈ మాట ఎన్నిసార్లు పడిందో నాకు ఇప్పటికీ లెక్క తెలియదు.

సుద్దముక్క (12)

ఇది నాకు తెలియదు. నిశ్శబ్దంగా ఉన్న పిల్లవాడి గురించి నేను ఎప్పుడూ దిగులు పడలేదు, నిజం చెప్పాలంటే.

ఆకుపచ్చపెన్సిల్ (13)

రెండో బడి. గది మెట్ల కింద ఉంది. సగం పాత అట్లాసులు, విరిగిన గ్లోబు. ఇంకో సగంలో చాప, రెండు బల్లలు, ఒక మూల అట్టపెట్టెలతో చేసిన అడ్డు. తలుపు తీసే ఉంది. లోపల ఇద్దరు పిల్లలు చదరంగం ఆడుతున్నారు, ఒకమ్మాయి అట్టపెట్టెల వెనక కూర్చుని తింటోంది. టీచరు లేరు. ఏడో తరగతిలో ఉన్నారట. అంటే ఆవిడ లేకపోయినా గది నడుస్తోంది.

ఆవిడ వచ్చాక నన్ను కాదు, ముందు వాణ్ణి పలకరించారు. అదీ పక్కగా కూర్చుని, ముఖంలోకి చూడకుండా. "గ్లోబు విరిగింది, ఏ దేశం ఊడిపోయిందో చెప్పగలిగితే చెప్పు, లేకపోతే వద్దు." వాడు పది నిమిషాలు వెతికి చెప్పాడు.

వారంలో ఎన్ని పీరియడ్లు ఎక్కడ అని అడిగితే గోడ మీది టైమ్‌టేబులు చూపించారు. సగానికి పైగా తరగతుల్లోనే. ఆవిడ ఒక్కరే, పిల్లలు పద్నాలుగు మంది. ఇదీ దాచలేదు. "అన్నీ చేయలేను, ముందుగా చెబుతున్నాను" అన్నారు. స్పీచ్ థెరపిస్టు నెలకు ఒకసారే వస్తారట. మావారికి అది నచ్చలేదు.

ఒక సందేహం. అక్కడ గోడ మీద "ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడు" అని పాత చార్టు ఒకటి ఉంది. ఇవి నేర్పించడం మంచిదేనా?

రెండోబెంచి (14)

ఆ చార్టు చింపేయమనండి. నాకు చిన్నప్పుడు ఎవరో నేర్పారు: ఎదుటివాళ్ల కనుబొమల మధ్య చూస్తే కళ్లలోకి చూసినట్టే ఉంటుందని. ఇరవై ఏళ్లు అలాగే చూశాను. ఆ ఇరవై ఏళ్లలో ఎవరేమి చెప్పారో సగం వినలేదు, కనుబొమలు మాత్రం బాగా గుర్తున్నాయి. వినాలంటే నేను నేలవైపు చూడాలి. డామియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో ఒక మాట అన్నాడు: మేము మిమ్మల్ని అర్థం చేసుకోలేనట్టే మీరూ మమ్మల్ని అర్థం చేసుకోలేరు, గోతికి రెండు గట్లూ ఉన్నాయని. మరి పాఠం మాకొక్కరికే ఎందుకు?

వేరుగది (15)

ఒప్పుకుంటున్నాను. మొదటి మూడేళ్లు నేనూ ఆ పాఠం చెప్పాను. నక్షత్రాలు కూడా అతికించాను. ఒకబ్బాయి నా కళ్లలోకి చూడటానికి పిడికిళ్లు బిగించేవాడు. అది చూసి మానేశాను. ఆ చార్టు ఆ టీచరుకు ముందున్నవాళ్లది కావచ్చు, అడగండి. ఆవిడ వాడి ముఖంలోకి చూడకుండా మాట్లాడారంటే ఆవిడకు సంగతి తెలుసు.

రెండోబెంచి గారితో ఒక్క చోట విభేదిస్తాను. అసలేమీ నేర్పవద్దంటే పిల్లలకు అన్యాయం. బడిలో ఎవరూ పైకి చెప్పని నియమాలు వందలు ఉంటాయి. వాటిని మార్చుకోమనడం వేరు, అవి ఉన్నాయని చెప్పడం వేరు. కారల్ గ్రే 1990ల మొదట్లో తెచ్చిన సోషల్ స్టోరీ పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం. అందులో ఆజ్ఞలు తక్కువ, జరగబోయేదాని వర్ణన ఎక్కువ ఉండాలని ఆవిడ షరతు. చాలా బడుల్లో ఆ షరతు మరిచిపోయి "నేను అల్లరి చేయను, నేను బుద్ధిగా ఉంటాను" అని రాయిస్తారు. అది కథ కాదు, శిక్షాస్మృతి.

చిన్నచెల్లెలు (16)

మా అన్నయ్యకు ఆటిజం. మేమిద్దరం ఒకే బడిలో చదివాం. అన్నయ్య ఏడిస్తే నన్ను తరగతిలోంచి పిలిచేవారు. ఆరో తరగతిలో నేను పాఠాలు వదిలేసి వెళ్లినవి కొన్ని పదులు. బడిలో చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లను పిలవరు కదా అని కూడా అడగండి. అంతే.

ఆకుపచ్చపెన్సిల్ (17)

రెండో బడిలోనే చేర్చాం. మూడు వారాలయింది. అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. చార్టు గురించి అడిగాను. పాతదేనట. మర్నాటికి దాని వెనకవైపు తిప్పి టైమ్‌టేబులు రాశారు.

చేరకముందే ఖాళీ బడిలో రెండుసార్లు నడిపించారు. గదుల ఫొటోలతో చిన్న పుస్తకం ఇచ్చారు. ఎనిమిది మంది టీచర్ల ముఖాలు, వారి గొంతులు ఎలా ఉంటాయో ఒక్కో వాక్యం. సోషల్ మేష్టారి పేజీలో "వీరు గట్టిగా మాట్లాడతారు, కోపం వల్ల కాదు" అని ఉంది.

మొదటి వారం లెక్కలు, సైన్సు బాగానే గడిచాయి. రెండో వారం తెలుగు టీచరు సెలవు పెట్టారు, వేరొకరు వచ్చారు. మావాడు బల్ల కింద దూరాడు. ఎవరూ లాగలేదట. మెట్ల కింది గది టీచరు వచ్చి తాను కూడా కింద కూర్చున్నారట. మర్నాడు ఈ కాగితం ఇంటికి పంపారు, ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను:

"కొన్ని రోజుల్లో మా టీచరు బడికి రాలేరు. జ్వరం రావచ్చు, పని ఉండవచ్చు. అప్పుడు వేరే టీచరు వస్తారు. వారికి మా తరగతి పద్ధతులు అన్నీ తెలియకపోవచ్చు. నాకు ఇబ్బందిగా అనిపించవచ్చు. చాలామంది పిల్లలకు అలాగే అనిపిస్తుంది. నా దగ్గర కార్డు ఉంది. కొత్త టీచరుకు కూడా కార్డు గురించి తెలుసు. మా టీచరు సాధారణంగా తిరిగి వస్తారు."

ఆ "సాధారణంగా" అన్న మాట వాడే పెట్టించాడు. తప్పకుండా వస్తారని రాస్తే అబద్ధమవుతుందట.

కార్డు సంగతి: బల్ల అంచున ఉంటుంది. ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు నారింజ. నారింజ పైకి తిప్పితే వాడు లేచి మెట్ల కిందికి వెళ్లవచ్చు, అడగనక్కర్లేదు. మొదట్లో ఒక టీచరు కార్డు తిప్పిన ప్రతిసారీ "ఎక్కడికి నాన్నా, ఏమయింది?" అని ప్రేమగానే అడిగేవారు. ఆ ప్రేమ భరించలేక వాడు కార్డు తిప్పడం మానేశాడు. మెట్ల కింది టీచరు ఆవిడతో మాట్లాడాక మళ్లీ మొదలుపెట్టాడు. వెళ్లి ఏడెనిమిది నిమిషాల్లో తనే తిరిగి వస్తాడు. నిన్న అసలు తిప్పనే లేదు.

ఆటల పీరియడు ఇంకా ఘోరంగానే ఉంది. ఈల శబ్దానికి కింద పడిపోతున్నాడు. ఈలకు బదులు జెండా ఊపమని అడిగితే ఆటల మేష్టారు నవ్వారు. ఇంకా అడుగుతూనే ఉన్నాం.

నిద్రపట్టని నాన్న (18)

జెండా కోసం పట్టు వదలకండి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం చదువు గురించే. ఒక్కో పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాటు చేయాలని అందులో ఉంది. మేము ఆ వాక్యం అచ్చువేయించి తీసుకెళ్లాం. చదివి వినిపించాల్సిన అవసరం రాలేదు, చేతిలో కాగితం చూడగానే కుర్చీ వేశారు.

మా అమ్మాయికి షాడో టీచరును పూర్తిగా మాన్పించలేదు. ఇప్పుడు తరగతి వెనక కూర్చుని, పిలిచిన ఎవరికైనా సాయం చేస్తున్నారు. గులాబీ రబ్బరు అమ్మాయి వారానికి రెండుసార్లు ఫోను చేస్తుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు, ఒకే వీడియో అటూ ఇటూ చూస్తారు. మాట్లాడుకోమని చెప్పబోయి నోరు నొక్కుకున్నాను.

సుద్దముక్క (19)

మూడు వారాలుగా బోర్డు మూలన ఆ మూడు ముక్కలు రాస్తున్నాను. పేజీ, లెక్కలు, అయ్యాక ఏమిటి. "అయ్యాక ఏమి చేయాలి మేష్టారూ" అని అడిగేవాళ్లు రోజుకు ఇరవై మంది ఉండేవారు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు. ఆ మేరకు నా గొంతు మిగిలింది. ప్రశ్న అడిగి ఆగడం మాత్రం నా వల్ల కావడం లేదు. మూడు అని లెక్కపెట్టుకుంటే ఒకటిన్నరకే నోరు తెరుచుకుంటోంది.

నలభై ఐదు మందికి ఒకరన్న లెక్క తప్పని ఇప్పటికీ అంటాను. ఆ మాట ఎవరికి చెప్పాలో వారు ఈ చర్చ చదవరు.

ఏడో తరగతిలో ఒకబ్బాయి ఉన్నాడు. ఎవరూ ఏ పరీక్షా చేయించలేదు. చాలా నిశ్శబ్దం. నేను దిగులు పడనని రాశానే, ఆ రకం. తల్లిని రమ్మని కబురు పంపాను. ఈలోగా, అమ్మా, ఆ కార్డు ఎంత సైజు ఉంటుంది? దాని మీద ఏమైనా రాసి ఉండాలా?

ఆకుపచ్చపెన్సిల్ (20)

అరచేతిలో సగం, మేష్టారూ. మందపాటి అట్ట, లేకపోతే ఫ్యాను గాలికి తనంతట తనే తిరిగిపోతుంది, మాకు అయింది. ఏమీ రాయలేదు. రాస్తే పక్కవాళ్లు చదువుతారని మావాడు వద్దన్నాడు. రంగులు మాత్రం ఆ అబ్బాయినే అడగండి.

సుద్దముక్క (21)

సరే. రేపు రెండో పీరియడు తర్వాత అడుగుతాను. అడిగి ఆగుతాను.